పెన్సిలు సున్నా

ఆ పడవ షెడ్డులోకి వచ్చిన రోజున దాని రంగేమిటో నాకు తెలియలేదు. బూడిదరంగు అనుకున్నాను. అక్క దాని దగ్గరకు వెళ్ళి, అరచెయ్యి ఆనించి, జానెడు మేర గట్టిగా రుద్ది, చెయ్యి తిప్పి నాకు చూపించింది. అరచేతి నిండా సుద్దపొడి. చెయ్యి తీసిన చోట, పొడి కింద, ముదురు నీలం.

"ముఖం కడుక్కోలేదంతే. మనిషి మంచిదే," అంది.

పదిహేడేళ్ళు ఎండలోనూ ఉప్పునీటిలోనూ తిరిగిన ఫైబర్ పడవ అది. ఫైబర్ పడవకు పైన గోరంత మందం కూడా లేని రంగుపూత ఒకటి ఉంటుంది. జెల్‌కోటు అంటారు. ఏళ్ళ తరబడి ఎండ తగిలితే దాని పైపొర చచ్చి సుద్దవుతుంది. చచ్చిన పొరను తీసేసి, దాని కింద బతికి ఉన్న పొరకు మెరుపు తేవడం మా పని. చెప్పడానికి ఇంతే. కానీ ఎంత తీయాలో తెలియడంలోనే పనంతా ఉంది. తీసిన పూత మళ్ళీ రాదు.

నేను ఆ పనిలోకి వచ్చింది కూడా ఆ ఎండాకాలమే. అంతకు ముందు పదకొండేళ్ళు ఒక పుస్తకాల దుకాణంలో పనిచేశాను. దుకాణం మూతపడినప్పుడు, ఎవరూ కొనక మిగిలిపోయిన తత్త్వశాస్త్ర గ్రంథాలు రెండు పెట్టెలు నాకు దక్కాయి. మూడు నెలలు ఇంట్లో కూర్చుని అవే చదివాను. నాలుగో నెలలో అక్క గుమ్మంలో నిలబడి, "మనిషికి ఏం తెలుసో, ఎలా తెలుసో అదంతా తేలిందా? తేలకపోతే మానె. రా, వచ్చి బకెట్టు పట్టుకో," అని నన్ను వెంట తీసుకువెళ్ళింది.

అక్క నాకంటే తొమ్మిదేళ్ళు పెద్దది. మాతోనే ఉంటుంది. షెడ్డులో ఆమెను అందరూ 'అద్దం' అనేవారు. ఆమె చెయ్యి పడిన పడవలో ముఖం చూసుకుని తల దువ్వుకోవచ్చని మేస్త్రీ ప్రతి కొత్త మనిషికీ చెప్పేవాడు. చెప్పి, తన బట్టతల తడుముకునేవాడు.

ఆమె కొప్పులో ఎప్పుడూ ఒక పెన్సిలు ముక్క దోపి ఉండేది. గరుకు కాగితం పట్టే ముందు పడవ పక్కమీద ఆ పెన్సిలుతో అడ్డంగా, నిలువుగా పల్చటి గీతలు గీసేది. తర్వాత నీళ్ళు చల్లుతూ, ఎనిమిది వందల నంబరు కాగితంతో మొదలుపెట్టి, వెయ్యి, పదిహేను వందలు, ఇలా మెత్తటి కాగితాలకు వెళ్ళేది. ప్రతి కాగితానికీ మళ్ళీ కొత్త గీతలు.

"గీత పోయిందంటే అక్కడ కాగితం తగిలినట్టు. మిగిలిందంటే తగల్లేదన్నట్టు," అని మొదటిరోజే చెప్పింది. "గీత పోగానే ఆగు. ఒరేయ్, రుద్దడం గాడిదకైనా నేర్పొచ్చు. ఆగడమే రావాలి."

"కంటికి కనిపించనివి ఉంటే?"

"వాటికి చెయ్యుందిగా."

అప్పుడు కళ్ళు మూసుకునేది. అరచేతిని పడవ ముక్కు దగ్గర ఆనించి, పక్క వెంట అడుగులో అడుగు వేస్తూ వెనకదాకా నడిచేది. నేను చదివిన పుస్తకాలలో తెలుసుకోవడం గురించి వందల పుటలు ఉన్నాయి. తెలుసుకుంటున్న మనిషిని నేను చూడడం మాత్రం అదే మొదటిసారి.

ఇంట్లో కూడా ఆ చేతికి పని ఉండేది. నాలుగేళ్ళ మా పాపకు ఒళ్ళు వెచ్చబడితే నా భార్య ముందు అక్కనే పిలిచేది.

"వదినా, ఒకసారి ఇలా రండి."

అక్క పాప నుదుటిమీద అరచెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని, "నూటొకటి," అనేది. "కంగారేం లేదు. తడిగుడ్డ వెయ్యి."

ఆసుపత్రికి తీసుకువెళ్ళినప్పుడు నర్సు కూడా నూటొకటి అనే చెప్పేది. "మా వదిన ఉండగా ఇంట్లోకి థర్మామీటరు దండగ," అని నా భార్య ఇరుగుపొరుగుకు గొప్పగా చెప్పుకునేది.

నీలం పడవ వచ్చిన రెండో వారంలో అక్క చేతిలోంచి గాజుగ్లాసు జారి పగిలింది.

"ఏమైంది వదినా?"

"ఏం లేదు. వేళ్ళు తిమ్మిరెక్కాయి. రోజంతా ఆ పాలిష్ మిషన్ పట్టుకుంటే చీమలు పాకినట్టు ఉంటుంది."

"ఆ మిషనేదో మీ తమ్ముడికివ్వండి. తిన్నదైనా అరుగుతుంది."

"వాడికా? వాడు మిషన్ ఆన్ చేసే ముందు అది ఉందా లేదా అని ఆలోచిస్తాడు."

ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ అక్క లోపలికి వెళ్ళాక నా భార్య గొంతు తగ్గించింది. "నాలుగు రోజుల్నుంచి పనిచొక్కా బొత్తాలు నన్నే పెట్టమంటున్నారు. అడిగితే ఊరుకోరు. మీరు పక్కనే ఉంటారుగా, ఓ కన్నేసి ఉంచండి."

ఆ మర్నాడే షెడ్డులో ఇంకో మాట నా చెవిన పడింది. మేస్త్రీ అక్కతో చెబుతున్నాడు. "షెడ్డు యజమాని నీ చెయ్యి మునుపటిలా లేదంటున్నాడు. నేను ఒప్పుకోలేదనుకో. ముదురు నీలంలో చిన్న గీత ఉన్నా ఎండలో అరిచి చెబుతుంది. ఈ పడవతో ఆయన నోరు మూయించు."

"నోళ్ళు మూయించడం నా పని కాదు," అంది అక్క. "పడవ మెరిపించడమే."

అయినా ఆ రోజు ఆమె మధ్యాహ్నం భోజనానికి కూర్చోవడం మరచిపోయింది.

నా భార్య కన్నేసి ఉంచమంది, ఉంచాను. ఎంత శ్రద్ధగా ఉంచానంటే, రోజూ ఆమెకంటే గంట ముందే షెడ్డుకు చేరుకుని ఆమె ముందురోజు చేసిన పనిని పరీక్షించడం మొదలుపెట్టాను. ఇంట్లో మాత్రం పొద్దున్నే నడిస్తే ఆరోగ్యమని చెప్పాను. ఆమెనే అడిగి ఉండవచ్చు. అడిగితే నొచ్చుకుంటుందని అనుకున్నాను. ఆమె నొప్పిని ఆమె తరఫున నేనే ఊహించి, ఆ ఊహకు తగినట్టు నడుచుకున్నాను.

మొదటి రెండు ఉదయాలూ ఏమీ దొరకలేదు. ఎడమపక్క ఆమె వెయ్యి నంబరు కాగితం పట్టినంత మేరా ఒకే రకమైన మసక నీలంతో నున్నగా ఉంది. మూడో ఉదయం దొరికింది. షెడ్డు తలుపులోంచి ఏటవాలుగా పడుతున్న ఎండలో, పడవ ముక్కు వంపు దగ్గర, రెండు అరచేతులంత మేర వేరుగా కనిపించింది. చుట్టుపక్కల కంటే గరుకుగా ఉంది. మొదటి కాగితం వదిలిన గీతలు ఇంకా అలాగే ఉన్నాయి. దాని చుట్టూ ఒక పెన్సిలు గీత వంకరగా తిరిగి, మొదలైన చోటికే వచ్చి కలిసింది.

గీత మిగిలిందంటే తగల్లేదన్నట్టు. ఆమె చెప్పిన మాటే. ఇంత చోటు ఆమె చేతికి తెలియకుండా తప్పిపోయిందని తేల్చుకున్నాను. నా అనుమానం నిజమైనందుకు, ఒప్పుకోవాలి, కొంచెం సంతోషించాను కూడా.

గుడ్డ తడిపి ఆ గీతను తుడిచేశాను. ఎనిమిది వందల కాగితం నీళ్ళలో నానబెట్టి, రబ్బరు దిమ్మకు చుట్టి, నెమ్మదిగా రుద్దాను. అతుకు కనిపించకూడదని చుట్టూ మూరెడు మేర కలుపుకుంటూ పోయాను. తర్వాత వెయ్యి. గుడ్డతో తుడిచి చూస్తే ఎక్కడ మొదలుపెట్టానో నాకే తెలియలేదు. అంతా కలిపి అరగంట పట్టింది. ఆ అరగంటా నేను చాలా మంచివాణ్ణని అనుకున్నాను.

అక్క వచ్చింది. చొక్కా చేతులు మడిచి, కళ్ళు మూసుకుని, ఎడమపక్కన తన నడక మొదలుపెట్టింది. ముక్కు వంపు దగ్గర అరచెయ్యి ఆగింది. ముందుకు వెళ్ళి వెనక్కి వచ్చింది. మళ్ళీ ఆగింది. కళ్ళు తెరిచి ఆ చోటును చూసింది. వంగి ఒక పక్కనుంచి చూసింది. కొప్పులోని పెన్సిలును ఒకసారి తాకి, చెయ్యి దించేసింది.

నా పని ఆమె చేతికి కూడా దొరకలేదని నేను బకెట్టు కడుగుతూ లోలోపల గర్వపడ్డాను.

పదిహేను వందల కాగితం అయ్యాక, మధ్యాహ్నం ఆమె మిషన్ అందుకుంది. ఉన్ని చక్రం మీద పేస్టు రాసి, ముక్కు వైపునుంచి మొదలుపెట్టింది. పడవ యజమాని ఎప్పటిలాగే తన మడతకుర్చీ తెచ్చుకుని నీడలో కూర్చున్నాడు. ఆయన్ను అందరం 'కెప్టెన్' అనేవాళ్ళం. అది ఆయన చేసిన ఉద్యోగమో, పడవ కొన్నాక తగిలించుకున్నదో ఎవరికీ తెలియదు.

"అమ్మా, నా వయసు కూడా కాస్త తగ్గించగలరా ఆ మిషనుతో?" అన్నాడు కెప్టెన్.

"మీకు పూత మిగల్లేదండీ," అంది అక్క, తల తిప్పకుండానే.

మేస్త్రీ పగలబడి నవ్వాడు. మిషన్ పాకిన చోటల్లా నీలం లేస్తోంది. షెడ్డు కప్పు రేకులు, వాటి మధ్య సందులోని ఆకాశం, కెప్టెన్ కుర్చీ అందులోకి ఒక్కొక్కటిగా వచ్చి చేరుతున్నాయి. చక్రం వంపుమీదికి వెళ్ళింది. ఒకసారి పోయింది. రెండోసారి పోయింది. నీలంలో తెల్లటి మబ్బులాంటిది కనిపించింది. మబ్బు అంచున, నేసిన గుడ్డలాగా, ఫైబర్ అల్లిక.

మిషన్ ఆగిపోయింది. అక్క దాన్ని నేలమీద పెట్టింది. ఎప్పుడూ అలా పెట్టదు, కొక్కేనికి తగిలిస్తుంది.

"ఏమైంది?" మేస్త్రీ దగ్గరకు వచ్చాడు.

"పూత తెగింది."

"నీ చేతిలోనా?"

"నా చేతిలోనే."

కెప్టెన్ కుర్చీలోంచి లేచి వచ్చి, కళ్ళద్దాలు సర్దుకుని చూసి, "పోనీలెండమ్మా, పదిహేడేళ్ళది. ఒక్క మచ్చేగా," అన్నాడు. ఆయన తిట్టి ఉంటే బాగుండేదని అక్క ముఖం చూస్తే నాకనిపించింది.

వాళ్ళు పక్కకు వెళ్ళాక అక్క ఆ మచ్చను చూస్తూ, నాతోనో తనతోనో అన్నట్టుగా మాట్లాడింది.

"నిన్న సాయంత్రం ఇక్కడ గుంట తగిలిందిరా నాకు. కంటికి కనపడదు, చేతికే. ఇదివరకెవరో ఏదో గీత తీయడానికి ఇక్కడ బాగా అరగదీశారు. పూత పలచగా ఉంది, ఇక దీని జోలికి పోకూడదనుకున్నాను. కాస్త మసగ్గా ఉన్నా పరవాలేదు, మైనం పెట్టి వదిలేద్దామని చుట్టూ సున్నా చుట్టాను. చుట్టాననే అనుకున్నాను."

నేను వంగి, వాడిన కాగితాలు ఏరుతున్నాను.

"పొద్దున చూస్తే సున్నా లేదు. సరే, చెయ్యి పెట్టి చూద్దామని పెడితే గుంటా లేదు. ఎక్కడో చుట్టి ఇక్కడనుకున్నానేమో, అసలు చుట్టనే లేదేమో అని మిషన్ ఆనించాను." తన అరచేతిని తిప్పి చూసుకుంది. "నిన్న ఉందన్నది, ఇవాళ లేదన్నది. ఇదేం చెయ్యి?"

గుంట ఎందుకు లేదో నాకు తెలుసు. అతుకు కనిపించకూడదని చుట్టూ మూరెడు మేర కలిపినవాణ్ణి నేనే. సున్నా ఎక్కడుందో కూడా తెలుసు. దాన్ని తుడిచిన గుడ్డ మా ఇద్దరి మధ్యే బకెట్టు అంచున ఆరుతోంది.

"నువ్వేమైనా చూశావా, సున్నాలాంటిది?" అని అడిగింది.

"చూడలేదక్కా," అన్నాను.

నా గొంతు మామూలుగానే ఉంది. ఆ సంగతి నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది.

ఆ రాత్రికి కాదు, రేపు చెబుదామనుకున్నాను. రేపటికి అతుకు వేసే మనిషి వచ్చాడు. నీలాన్ని మూడుసార్లు కలిపి చూశాడు. పాత నీలం ఎండను చూసిన నీలం. డబ్బాలోది దానితో కలవలేదు. ముక్కు వంపుమీద రెండు అరచేతులంత మేర కొత్త నీలం నిలబడిపోయింది. పడవ నీటిలోకి దిగాక చెబుదామనుకున్నాను. ఈలోగా అక్క మిషన్ తెచ్చి నా చేతికిచ్చింది.

"కుడిపక్క నువ్వు చెయ్యి."

"నువ్వు పక్కనుండు, చేస్తాను."

"పక్కనుండి ఏం చెప్పనురా? నాకు తెలిసిందల్లా ఇది చెప్పిందే." అరచేతిని పనిచొక్కాకు తుడుచుకుంది. "ఇప్పుడది చెబుతున్నది నిజమో కాదో నాకు తెలియట్లేదు."

అయినా పక్కనే ఉంది. ఎక్కడ ఆగాలో మాత్రం ఒక్కసారి కూడా చెప్పలేదు. ప్రతి చోటా నేను భయంతో, అవసరానికంటే ముందే ఆగాను. కుడిపక్క పర్వాలేదనిపించేలా వచ్చింది. షెడ్డు యజమాని వచ్చి, వంగి, కుడిపక్కలో తన ముఖం చూసుకుని, మేస్త్రీతో, "తమ్ముడి చెయ్యే నయం," అన్నాడు. అక్క ఆ మాట వింది. విని, నా వైపు చూసి నవ్వింది. ఆ నవ్వులో అసూయ లేదు. నిజంగా సంతోషించింది. చెప్పడానికి ఆ రోజే చివరి అవకాశమని నాకు తెలుసు. అప్పటికి చెప్పని మాటతోపాటు ఆమె ఉద్యోగం కూడా నా దగ్గరే ఉంది.

పూత రోజురోజుకీ పలచబడుతుంది. చెప్పని మాటది వేరే తీరు. దానికి రోజుకో పొర చేరుతుంది.

పడవ నీటిలోకి దిగిన రోజున అక్క రేవులోనే పని వెతుక్కుంది. ఆవలి ఒడ్డుకు వెళ్ళే లాంచీకి టికెట్లు ఇచ్చే కిటికీలో. "కూర్చుని చేసే పని. నీడపట్టున," అని ఇంట్లో చెప్పింది. పెన్సిలు ముక్కను కొప్పులోంచి తీసి నా చొక్కా జేబులో పెట్టింది. "నీకు కావాలిగా."

నెల తిరగకుండానే వేళ్ళ తిమ్మిర్లు పోయాయి. బొత్తాలు తనే పెట్టుకుంటోంది. "బాగైపోయిందిగా వదినా, మళ్ళీ షెడ్డుకు వెళ్ళొచ్చుగా," అంది నా భార్య.

"ఎందుకమ్మా, ఇంకొకరి పడవ పాడు చేయడానికా?" అని అక్క నవ్వింది.

వానలు మొదలయ్యాయి. ఒక సెలవురోజు మధ్యాహ్నం పాప ఆడుకుంటూ ఆడుకుంటూ వచ్చి నా భార్య ఒళ్ళో పడుకుంది. పిలిస్తే పలకలేదు.

"వదినా, ఒకసారి ఇలా రండి."

అక్క వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. పాప నుదుటిమీద అరచెయ్యి ఆనించింది. అలవాటుగా కళ్ళు మూసుకుంది. ఆ రెండు క్షణాలూ ఆమె ముఖం పాత ముఖం. పడవ పక్కన నడిచే మనిషి ముఖం. వెంటనే కళ్ళు తెరిచి చెయ్యి తీసేసింది.

"నూటరెండు అనిపిస్తోంది. కానీ నా మాట పట్టుకోకండి." నా వైపు తిరిగింది. "వెళ్ళి ఓ థర్మామీటరు కొనుక్కురారా."

"అదేంటి వదినా, మీరుండగా..."

"పసిపిల్లతో పరాచికాలా? వెళ్ళరా."

వానలోనే వెళ్ళాను. మందుల దుకాణం రెండు వీధుల అవతల. గొడుగు తీసుకోలేదు. తిరిగివచ్చి, తడిసిన అట్టపెట్టె నా భార్య చేతికిచ్చాను. ఆమె దాన్ని పాప చంకలో పెట్టి, కాసేపు ఆగి, తీసి, కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుంది.

"నూటరెండు!" అంది. "చూశారా వదినా? వెంట్రుకవాసి తేడా లేదు!"

"ఏదో తగిలిందిలే," అంది అక్క. థర్మామీటరును అందుకుని, విదిలించి, పెట్టెలో పెట్టి, అందరికీ చెయ్యి అందేలా గూటిలో ముందువైపున ఉంచింది. "ఇకనుంచి దీన్నే చూసుకోండి."

చెప్పవలసిన మాట అప్పుడు నా గొంతు దాకా వచ్చింది. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. నా జుట్టులోంచి నీళ్ళు కారి నేలమీద పడుతున్నాయి.

"అలా నిలబడ్డావేంట్రా? తల తుడుచుకో. నీక్కూడా జ్వరమొస్తుంది," అంటూ అక్క నా దగ్గరకు వచ్చి, నుదురు చూడబోతున్నట్టు చెయ్యి చాపింది.

ఆ చెయ్యి సగం దూరంలో ఆగిపోయింది. కొక్కేనికి ఉన్న తువ్వాలు తీసి, నా చేతికిచ్చి, లోపలికి వెళ్ళిపోయింది.